రచ్చబండ ఎవరిది? వెలివాడ ఎవరిది?

తొలినాటి ఇంటర్నెట్ మీద బెంగ – దళిత దృష్టి నుంచి కొన్ని ప్రశ్నలు

ఈ పది పన్నెండేళ్ళుగా చదువుకున్నవాళ్ళ రాతల్లో ఒక బెంగ తరచుగా కనబడుతున్నది. తొలినాళ్ళ ఇంటర్నెట్ బాగుండేదట. పది మందో, వంద మందో ఒకచోట చేరి, ఒకరి పేరు ఒకరికి తెలిసి, తీరికగా ఉత్తరాలు రాసుకుంటూ మాట్లాడుకునేవారట. వ్యాపార ప్రకటనలు లేవు, లైకుల లెక్కలు లేవు, మనం ఏం చూడాలో ఎక్కడో కూర్చున్న కంపెనీ తేల్చే పద్ధతి లేదు. ఇప్పుడు ఆ చిన్న చోట్లన్నీ పోయి నాలుగైదు కంపెనీల పెద్ద సంత మిగిలిందనేది ఈ బెంగ సారాంశం.

దీన్ని ఎగతాళి చెయ్యడం మా ఉద్దేశం కాదు. ఇందులో నిజం ఉంది. ఆ నిజం దళిత ఉద్యమానికి పనికొస్తుంది కూడా. అయితే ఏ జ్ఞాపకం ముందుకొచ్చినా మనం అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఆ చోట కూర్చున్నది ఎవరు? నిలబడ్డది ఎవరు? అసలు అక్కడిదాకా రాలేకపోయింది ఎవరు? ఆ చోటు పోయినప్పుడు ఎవరి మాటలు మిగిలాయి, ఎవరివి చెరిగిపోయాయి? మంచిర్యాల పక్కన శ్రీరాంపూర్ బొగ్గుబాయిల కాలనీల్లో పెరిగి, ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన మావంటివాళ్ళకు ఈ ప్రశ్నలు పుస్తకాల్లోంచి వచ్చినవి కావు.

ఊరి మీద బెంగ

ఈ బెంగకు ఇంగ్లీషులో వాడే ‘నోస్టాల్జియా’ అనే మాటను 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విట్జర్లాండ్ వైద్య విద్యార్థి తయారుచేశాడు. ఇంటికి తిరిగి పోవడం, నొప్పి అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలను కలిపాడు. సొంత ఊరికి దూరమై పరాయి చోట ఉన్నవాళ్ళకు వచ్చే జబ్బుగా దాన్ని వర్ణించాడు. అంటే బెంగ పుట్టాలంటే తిరిగిపోవడానికి ముందు ఒక ఇల్లు ఉండాలి, ఆ ఇంట్లో మనకొక చోటు ఉండాలి.

1931 ఆగస్టులో బొంబాయిలో గాంధీని కలిసినప్పుడు అంబేద్కర్ తనకు మాతృభూమి లేదని ఆయన ముఖం మీదనే చెప్పాడు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ, ఊరిని ఆదర్శంగా పొగిడేవాళ్ళకు జవాబిచ్చాడు. ఊరంటే సంకుచితత్వానికీ అజ్ఞానానికీ మతతత్వానికీ నిలయమన్నాడు. ముసాయిదా ఊరిని పక్కనపెట్టి వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషమన్నాడు.

ఇంటర్నెట్ గురించి మాట్లాడుతూ ఇక్కడికెందుకు వచ్చామంటే, తొలినాటి ఇంటర్నెట్‌ను తలుచుకునేవాళ్ళు దాన్ని ఊరితోనే పోలుస్తారు. ప్రపంచమంతా ఒకే ఊరైందనేది ఆ రోజుల్లో ఊతపదం. తెలుగువాళ్ళు తమ చోట్లకు పెట్టుకున్న పేర్లు కూడా ఊరివే. సాహిత్యం మాట్లాడుకున్న ఒక యాహూ గ్రూపు పేరు రచ్చబండ. తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించిన సైటు పేరు కూడలి. ఆ పేర్లు పెట్టినవాళ్ళ మనసులో చెడు ఉందని మేం అనడం లేదు. నలుగురూ కలిసే చోటు అనే అర్థంలోనే పెట్టారు. కానీ మాటలకు జ్ఞాపకం ఉంటుంది. ఊళ్ళో రచ్చబండ మీద కూర్చునే హక్కు ఎవరికుండేది? మాలోళ్ళు, మాదిగోళ్ళు చెప్పులు విడిచి దూరంగా నిలబడి తీర్పు విన్న చోటు అది. కూలి రేటు తేల్చింది, జరిమానా వేసింది, వెలి వేసింది అక్కడనే. 1985 జులై 17న కారంచేడులో జరిగిన హత్యాకాండ కూడా మాదిగపల్లె చెరువు దగ్గర, తాగే నీళ్ళు పాడుచెయ్యొద్దని అడిగిన మాట దగ్గర మొదలైంది. నలుగురూ కలిసే చోటు మనకు దెబ్బలు తిన్న చోటు కూడా. కాబట్టి ‘చిన్న చోటు’ అనగానే మంచి చోటని ఒప్పుకోవడానికి మనకు కుదరదు.

1991 ఆగస్టు 6

చరిత్రలో ఒక తేదీ ఈ విషయాన్ని సూటిగా మన ముందు పెడుతుంది. 1991 ఆగస్టు 6న జెనీవా దగ్గరున్న సెర్న్ పరిశోధనా సంస్థలో పనిచేసే టిమ్ బెర్నర్స్-లీ ఒక న్యూస్‌గ్రూపులో, అంటే కంప్యూటర్లు తెలిసిన కొద్దిమంది మాట్లాడుకునే ఒక గుంపులో, వరల్డ్ వైడ్ వెబ్ అనే తన పని గురించి ప్రకటన పెట్టాడు. బయటి ప్రపంచానికి వెబ్ గురించి తెలిసింది ఆ రోజే. అదే 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను వెంటాడి నరికి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు.

రెండూ ఒకే రోజు జరగడం యాదృచ్ఛికమే. కానీ ఆ రెండు వార్తలూ నడిచిన దారులను పక్కపక్కన పెట్టి చూడాలి. బెర్నర్స్-లీ ప్రకటన తీగల మీద నడిచింది. చుండూరు వార్త కాళ్ళ మీద నడిచింది. తప్పించుకున్నవాళ్ళు చెప్పారు, వాడల్లో విన్నారు, కరపత్రాలు అచ్చువేశారు, గోడల మీద రాశారు. దళిత మహాసభ సభలు పెట్టింది. బొజ్జా తారకం సంపాదకత్వంలో వచ్చిన నలుపు వంటి పత్రికలను చేతులు మార్చుకొని చదివారు. 1995లో వచ్చిన చిక్కనవుతున్న పాట సంకలనంలోని కవులు కూడా ఈ దారుల్లోనే ఒకరికొకరు దొరికారు. హాస్టల్ గదులు, టీ కొట్లు, అంబేద్కర్ సంఘం ఆఫీసులు, జిరాక్సు షాపులు, ఇవీ మన న్యూస్‌గ్రూపులు.

అంటే 1990ల మొదట్లో తెలుగులో రెండు రకాల చిన్న చోట్లు ఒకేసారి పుట్టాయి. ఒకటి అమెరికా విశ్వవిద్యాలయాల కంప్యూటర్ల మీద, రెండోది కరపత్రాల మీద. ఒక చోటి మాట ఇంకో చోటికి దాదాపు చేరలేదు. ఇవాళ ‘ఆ రోజులు’ అని బెంగపడేటప్పుడు మొదటిదే గుర్తుకొస్తున్నది, రెండోది రావడం లేదు.

తీగల మీద తెలుగు ఎట్లా నడిచింది

మొదటి చోటు ఎట్లా తయారైందో కొంచెం వివరంగా చెప్పాలి. విద్యార్థులకు ఇది తెలియాల్సిన చరిత్ర.

వెబ్ కంటే ముందే యూజ్‌నెట్ అనే ఏర్పాటు ఉంది. 1979–80లో అమెరికాలో కొందరు విద్యార్థులు దీన్ని మొదలుపెట్టారు. ఒక కంప్యూటర్‌లో రాసిన ఉత్తరం పక్క కంప్యూటర్‌కు, అక్కడి నుంచి మరొకదానికి నకలవుతూ పోతుంది. మధ్యలో యజమాని లేడు. విషయాన్ని బట్టి గుంపులు ఉంటాయి. అట్లాంటి వాటిల్లో 1990ల మొదట్లో తెలుగువాళ్ళ గుంపు ఒకటి వచ్చింది. సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు దాని పేరు, పొట్టిగా స్కిట్ అనేవాళ్ళు. ఆ కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు లేవు. హ్యూస్టన్ నగరంలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగును పొరపాటు లేకుండా రాసే పద్ధతి ఒకటి తయారుచేశారు. దాన్నే ఆర్‌టీఎస్ అంటారు. ఆ తర్వాత తెలుసా అనే ఈ-మెయిలు గుంపు, రచ్చబండ వచ్చాయి. 1998లో ఈమాట పత్రిక మొదలైంది. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియా మొదలైంది. 2006లో లేఖిని, కూడలి వచ్చాక తెలుగు బ్లాగులు వందల్లో పెరిగాయి.

వీళ్ళు చేసిన పనిని తక్కువ చెయ్యడం అన్యాయం. జీతం లేకుండా, రాత్రుళ్ళు కూర్చొని చేసిన పని అది. లేఖినిలో తెలుగు టైపు చేసే పద్ధతి ఆ ఆర్‌టీఎస్ నుంచి వచ్చిందే. ఇవాళ దళిత కార్యకర్త ఇంగ్లీషు మీటలు నొక్కి తెలుగు కరపత్రం రాస్తున్నాడంటే ఆ పనికి కొంత రుణపడి ఉన్నాడు.

కానీ ఆ గుంపుల్లో చేరడానికి ఏం కావాలో చూడాలి. అమెరికా విశ్వవిద్యాలయంలో సీటు కావాలి, లేదా అక్కడ ఉద్యోగం కావాలి. 1973 దాకా ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్లే లేవు. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం చేసిన ఒక అధ్యయనంలో అమెరికాకు వలస వెళ్ళిన భారతీయుల్లో దళితులు, కింది కులాలవాళ్ళు కలిపి 1.5 శాతమే అని తేలింది. ఇక్కడ దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది 1995 ఆగస్టు 15న. ఏడాది చందా వేల రూపాయలు. దానికి ముందు ఇంట్లో టెలిఫోన్ ఉండాలి, కంప్యూటర్ ఉండాలి. మాల మాదిగ వాడల్లో ఆ రోజు ఇవి మూడూ ఉన్న ఇల్లు దొరకడం కష్టం. తలుపు మీద ‘రావద్దు’ అని ఎవరూ రాయలేదు. రాయాల్సిన అవసరం రాలేదు. గుంపు చిన్నగా ఉండడానికి అసలు కారణం ఇదే. దాన్ని ఇవాళ ‘ఆత్మీయత’ అంటున్నారు.

ఇంటిపేరు అడిగే చోటు

1993లో అమెరికాలో ఒక పత్రికలో వచ్చిన కార్టూన్ చాలా ప్రసిద్ధం. కంప్యూటర్ ముందు కూర్చున్న కుక్క ఇంకో కుక్కతో, ఇంటర్నెట్‌లో మనం కుక్కలమని ఎవరికీ తెలియదు అంటుంది. తొలినాటి ఇంటర్నెట్ మీద ఉన్న ఆశ అంతా ఆ ఒక్క బొమ్మలో ఉంది. రంగు, వయసు, ఆడ మగ తేడా కనబడదు, మాట ఒక్కటే కనబడుతుంది అని.

మన దగ్గర ఈ ఆశ ఇంటిపేరు దగ్గర ఆగిపోయింది. తెలుగువాళ్ళు ఎక్కడ కలిసినా రెండో ప్రశ్న ‘మీది ఏ ఊరు’, మూడో ప్రశ్న ‘ఇంటిపేరేంటి’. చాలాసార్లు ఇంటిపేరు చెప్తే కులం చెప్పినట్టే. చెప్పకుండా దాటేస్తే ఇంకా తొందరగా చెప్పినట్టు. 2004లో ఆర్కుట్ వచ్చాక మా తరం మొదటిసారి అందులో చేరినప్పుడు కులాల పేర్లతో, ఇంటిపేర్లతో గుంపులు బారులు తీరి కనబడ్డాయి. గర్వంగా ఇంటిపేరు రాసుకున్నవాళ్ళు ఒకవైపు, ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించుకున్నవాళ్ళు, పువ్వు బొమ్మ వెనుక, సినిమా హీరో బొమ్మ వెనుక దాక్కున్నవాళ్ళు ఇంకోవైపు. మారుపేరు కొందరికి సరదా. మనోళ్ళలో చాలామందికి అది రక్షణ.

భాష కూడా ఒక గడపే. ణ, న తేడా తెలియనివాడు, శ, స తేడా పాటించనివాడు నోరు తెరిస్తే ముందు అక్షరాలు దిద్దుతారు, తర్వాతనే విషయం వింటారు. ‘వస్తున్న, పోతున్న, చెయ్యాలె’ అని రాస్తే యాస అంటారు. కోస్తా జిల్లాల అగ్రకులాల మాట మాత్రం యాస కాదు, భాష. తరగతి గదిలో జరిగింది కొత్త చోట కూడా జరిగింది.

శ్రీరాంపూర్‌కు వచ్చిన ఇంటర్నెట్

ఇక మా వైపు సంగతి. శ్రీరాంపూర్‌లో మనుషులు కలిసే చోట్లకు కొదవ లేదు. సింగరేణిలో బాయి దిగే ముందు మస్టర్ పడాలి, ల్యాంప్ రూంలో దీపం తీసుకోవాలి. ఆ సందులోనే యూనియన్లు గేట్ మీటింగ్ పెడతాయి. పావుగంటలో చెప్పాల్సింది చెప్పాలి, అడగాల్సింది అడగాలి, సైరన్ మోగితే దిగిపోవాలి. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో వెట్టినీ దొర గడీలనూ వదిలించుకొని వచ్చిన మాల, మాదిగ, వెనకబడిన కులాలవాళ్ళు తట్ట పట్టి బొగ్గు నింపిన ఫిల్లర్లయ్యారు. వాళ్ళకు రచ్చబండ మీద దొరకని చోటు గేట్ మీటింగ్‌లో కొంత దొరికింది. కొంత అనే ఎందుకంటున్నామంటే, మైకు పట్టిన నాయకుడి కులం, కింద వింటున్నవాడి కులం ఒకటి కావడం అరుదు. ఆడవాళ్ళ గొంతు అక్కడ లేనే లేదు.

1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇవాళ నలభై వేల చుట్టూ ఉన్నారు. ఓపెన్‌కాస్టులు పెరిగి అండర్‌గ్రౌండ్ బాయిలు తగ్గినాక గేట్ మీటింగ్ కూడా పలుచబడ్డది. తండ్రి ఉద్యోగం కొడుక్కు వస్తుందనే నమ్మకం సడలిన కాలంలోనే, 2000 తర్వాత, ఎస్‌టీడీ బూతుల పక్కన నెట్ సెంటర్లు వచ్చాయి. ప్లైవుడ్ చెక్కలతో అడ్డం కట్టిన నాలుగు గదులు, నాలుగు పాత కంప్యూటర్లు, గంటకు ఇరవై రూపాయలో, ముప్పయో. కరెంటు పోతే లెక్క ఆగుతుందా ఆగదా అని రోజూ పంచాయితీ.

అక్కడికి మేం పోయింది చాటింగ్ కోసం మాత్రమే కాదు. ఇంటర్మీడియట్ ఫలితాలు చూడటానికి, ఎంసెట్ ర్యాంకు చూడటానికి, స్కాలర్‌షిప్ ఫారం తీయడానికి. ‘అన్నా, నాకో మెయిల్ ఐడీ చెయ్యవా’ అంటే ‘ఏం పేరు పెడ్తవ్ తమ్మీ, నీ పేరు మీద అన్నీ అయిపోయినయ్’ అని సెంటరతనే ఒక పేరు, ఒక పాస్‌వర్డ్ పెట్టి చిట్టీ మీద రాసిచ్చేవాడు. బాయి మీద పనిచేసే తండ్రి పక్కన నిలబడి, తెర మీద బిడ్డ హాల్‌టికెట్ నంబర్ కోసం వెతికేవాడు. ఇంటర్నెట్ మాకు ఊరు కాలేదు. అది ఒక కిటికీ, దరఖాస్తు పెట్టుకునే కిటికీ. ఆఫీసుల్లో కిటికీ ముందు నిలబడ్డట్టే ఇక్కడా నిలబడ్డాం. తొలినాటి ఇంటర్నెట్‌లో కూర్చున్నవాళ్ళ జ్ఞాపకానికీ, నిలబడ్డవాళ్ళ జ్ఞాపకానికీ తేడా ఇది. ఆడపిల్లలకు ఆ కిటికీ ఇంకా దూరం. చెక్కల గదుల్లోకి వాళ్ళను పంపింది తక్కువ, పంపినా వెంట తమ్ముడో అన్నో ఉండాలి.

మన చిన్న చోట్లు

అయితే కథ ఇంతే అయితే ఈ వ్యాసం అవసరం లేదు. తీగల మీద మనవాళ్ళు కూడా చోట్లు కట్టుకున్నారు. అంబేద్కర్ రచనలను ఇంటర్నెట్‌లో పెట్టిన అంబేద్కర్.ఆర్గ్, కులం మీద వార్తలను రోజూ ఏరి పంపిన జెస్ట్‌కాస్ట్ అనే యాహూ గ్రూపు, ఢిల్లీలో విద్యార్థులు నడిపిన ఇన్‌సైట్ పత్రిక, ఆ తర్వాత రౌండ్ టేబుల్ ఇండియా, దళిత ఆదివాసీ బహుజన స్త్రీల సవారీ, హైదరాబాద్‌లో విద్యార్థిగా ఉన్న బత్రన్ రవిచంద్రన్ మొదలుపెట్టిన దళిత్ కెమెరా, ఇవన్నీ కొద్దిమందితో, చేతి ఖర్చుతో నడిచాయి. పెద్ద పత్రికలు వెయ్యని వార్త ఇక్కడ వచ్చింది. విశ్వవిద్యాలయాల్లో దళిత విద్యార్థుల మరణాలను ఒక్కొక్కటిగా కాక ఒక వరుసగా చూడటం నేర్పింది ఈ చోట్లే. ఒంటరిగా హాస్టల్ గదిలో కూర్చున్న పిల్లవాడికి ‘ఇది నీ ఒక్కడికే జరగలేదు’ అని మొదట చెప్పింది ఇవే.

2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, హాస్టల్ నుంచి గెంటివేసిన ఐదుగురు దళిత విద్యార్థులు క్యాంపస్ నడుమ గుడారం వేసుకొని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. వాళ్ళలో ఒకడైన రోహిత్ వేముల జనవరి 17న చనిపోయాడు. ఆ పేరును గమనించాలి. వాళ్ళు తమ చోటును రచ్చబండ అనలేదు, కూడలి అనలేదు. ఊరు మనల్ని తోసేసిన చోటి పేరునే తీసుకొని ఊరి నడుమ నిలబెట్టారు. అది కూడా చిన్న చోటే. నాలుగు కర్రలు, ఒక గుడ్డ, అంబేద్కర్ బొమ్మ. కానీ రావాలనుకున్న ఎవరైనా అక్కడికి రావచ్చు. రచ్చబండకూ వెలివాడకూ తేడా చిన్న పెద్దలది కాదు, తలుపుది.

ఇదే కొలబద్దను మన మీద కూడా పెట్టుకోవాలి. మన చోట్లు ఎక్కువగా ఇంగ్లీషులో నడిచాయి. నగరాల్లో నడిచాయి. 1994 జులై 7న ఈదుముడిలో మాదిగ దండోరా లేచి ‘దళితుల్లో మా వాటా ఏది’ అని అడిగింది. ఆ ప్రశ్న తీగల మీద కూడా వర్తిస్తుంది. ఆదివాసీల సంగతి ఇంకా దూరం. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగు లిపికి చోటు దొరికింది. మా పాత ఆదిలాబాద్ జిల్లాలోనే గుంజాల ఊళ్ళో దొరికిన గోండీ లిపికి అదే యూనికోడ్‌లో చోటు దొరికింది 2018లో, ఇరవై ఏడేళ్ళ తర్వాత. మనం కట్టిన చోటి గడప దగ్గర ఎవరు నిలబడి ఉన్నారో మనమే చూసుకోకుంటే, మనది కూడా ఇంకో రచ్చబండ అవుతుంది.

పోయింది ఏమిటి, మిగిలింది ఏమిటి

ఇప్పుడు బెంగలో ఉన్న నిజం దగ్గరికి వద్దాం. చిన్న చోట్లు నిజంగానే పోయాయి. అమెరికాలో లక్షల మంది సొంత పేజీలు పెట్టుకున్న జియోసిటీస్‌ను 2009లో మూసేశారు. ఆర్కుట్‌ను 2014 సెప్టెంబర్ 30న మూసేశారు. యాహూ గ్రూపుల్లో దాచిన పాత ఉత్తరాలను 2019 చివర తీసేసి, 2020 డిసెంబర్ 15న మొత్తం సేవనే ఆపేశారు. ఎన్నో ఏళ్ళ వాదాలు, వార్తలు, నిజనిర్ధారణ నివేదికలు, ఎవరైనా ముందే దించిపెట్టుకుంటే తప్ప, ఒక కంపెనీ నిర్ణయంతో పోయాయి.

ఇక్కడ ఒక తేడాను గమనించాలి. వీటన్నిటికంటే ముసలిదైన యూజ్‌నెట్ ఉత్తరాలు చాలావరకు మిగిలాయి. కారణం దాని నిర్మాణం. ఒక్కో ఉత్తరం వందల కంప్యూటర్లలో నకలుగా ఉంది కాబట్టి, ఎవరో ఒకరు టేపుల మీద దాచారు. 2001లో గూగుల్ ఆ పాత నిల్వలను తీసుకొని అందరికీ చూపించింది. 2024 ఫిబ్రవరిలో కొత్త ఉత్తరాలు తీసుకోవడం మానేసినా, పాతవి చూడటానికి ఉంచింది. యాహూ గ్రూపులో అసలు ఒక్కటే, యజమాని ఒక్కడే. యజమాని తలుపేస్తే అంతా పోయినట్టే.

దీన్ని కరపత్రం సూత్రం అనవచ్చు. 1991 నాటి చుండూరు కరపత్రం ఇవాళ కూడా ఎవరో ఒకరి ట్రంకుపెట్టెలో దొరుకుతుంది. ఎందుకంటే వేల నకళ్ళు వేల చేతుల్లోకి పోయాయి. అది ఎవరో ఒక్కరి ఆస్తి కాదు. తొలినాటి ఇంటర్నెట్‌లో నిజంగా మెచ్చుకోదగ్గది దాని చిన్నతనం కాదు, ఆత్మీయత కాదు. నకలు చేసుకునే హక్కు, యజమాని లేకపోవడం. మనోళ్ళకు అది కొత్త సంగతేం కాదు.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక వాడ వాడకూ ఫోన్లో ఇంటర్నెట్ వచ్చింది. శ్రీరాంపూర్ నెట్ సెంటర్లు మూతపడ్డయి, లేకుంటే మీసేవ పనులకు, జిరాక్సులకు తిరిగినయి. ఇప్పుడు అంబేద్కర్ సంఘానికి వాట్సాప్ గ్రూపు ఉంది, బాయి బాయికీ గ్రూపు ఉంది. కిటికీ ముందు నిలబడే బాధ తగ్గింది. రాకుండా ఆగినవాళ్ళు వచ్చారు. ఇది చిన్న గెలుపు కాదు. చిన్న చోట్ల మీద బెంగలో ఈ గెలుపును మరిచిపోతే, జనం రావడమే తప్పన్నట్టు అవుతుంది. కానీ వచ్చిన చోటు ఎవరిది? పొద్దున పెట్టిన దాడి ఫొటో మధ్యాహ్నానికి వంద ‘శుభోదయం’ బొమ్మల కింద పడిపోతుంది. ఫోన్ మారితే, నిండితే, పగిలితే అదీ ఉండదు. ఫేస్‌బుక్‌లో రాసిన నిరసన పదిమంది ఫిర్యాదు చేస్తే లేచిపోవచ్చు.

దీనివల్ల ఏం నష్టం అని అడిగేవాళ్ళకు చుండూరునే చూపించాలి. ఆ కేసులో ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకొని, 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష దాకా తీసుకుపోవడానికి పదహారేళ్ళు పట్టింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు సాక్ష్యాలు చాలవని అందరినీ వదిలేసింది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అనే మూడు ప్రశ్నల దగ్గర మన మాటను ఎప్పుడూ అనుమానిస్తారు. తేదీతో సహా దాచిన కాగితం లేనివాడి బాధ పుకారవుతుంది. రోహిత్ ఏళ్ళ తరబడి ఫేస్‌బుక్‌లో రాసుకున్న రాతలను అతను చనిపోయిన ఏడాదిలోనే నిఖిలా హెన్రీ ఏరి ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చారు. కులం వట్టి పుకారు కాదని దాని పేరు చెప్తుంది. ఆ పని జరగకపోతే ఆ రాతలు ఒక కంపెనీ గోడ మీద కిందికి కిందికి జారిపోయేవి. చనిపోయాకనే దాచాలా అనేది మనం వేసుకోవాల్సిన ప్రశ్న.

చెయ్యవలసిన పనులు

కాబట్టి బెంగను పనిగా మార్చాలె. కార్యకర్తలకు, విద్యార్థులకు, ఉపాధ్యాయులకు మేం సూచించేవి ఇవి.

మొదటిది, నకళ్ళు. సంఘం గ్రూపులో వచ్చిన దాడుల వార్తలు, ఫొటోలు, ఎఫ్‌ఐఆర్ కాపీలను నెలకొకసారి బయటికి తీసి, తేదీ, ఊరు, పంపిన సందర్భం రాసి కనీసం మూడు చోట్ల దాచాలి. ఒక నకలు కాగితం మీద ఉండాలి. బాధితుల పేర్లు, ఫోన్ నంబర్లు బయటపడితే వాళ్ళకే ప్రమాదం. ఏది అందరికీ, ఏది లాయరుకు మాత్రమే అని ముందే విడదియ్యాలి. ఇంటర్నెట్‌లో ఉన్న మన పేజీలను 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దాచిపెట్టే వీలుంది. దాన్ని వాడుకోవాలి. దాని మీదనే పూర్తిగా ఆధారపడొద్దు.

రెండోది, పాత చోట్ల చరిత్ర. గేట్ మీటింగ్‌లో మాట్లాడినవాళ్ళు, విన్నవాళ్ళు, బయట నిలబడ్డ ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు. నెట్ సెంటర్ నడిపినవాళ్ళు ఉన్నారు. 1990లలో పత్రికలు మోసుకొని తిరిగినవాళ్ళ ఇండ్లల్లో పాత సంచికలు చెదలు పడుతున్నయి. డిగ్రీ కాలేజీ విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కొక్కరి దగ్గర కూర్చొని రికార్డు చేసినా ఒక ఏడాదిలో పెద్ద నిల్వ తయారవుతుంది. వాళ్ళ మాటను వాళ్ళు మాట్లాడినట్టే, యాస దిద్దకుండా రాయాలి.

మూడోది, సొంత చోటు. వాట్సాప్‌ను వదిలెయ్యమని మేం అనడం లేదు. జనం అక్కడ ఉన్నారు. కానీ కబురు అక్కడ చెప్పి, దాచుడు మన చోట దాచాలి. అట్లాంటి చోటు ఎక్కడ పెట్టినా మూడు సంగతులు చూడాలి. తలుపు ఎవరికి తెరిచి ఉంది? తాళంచెవి ఎంతమంది దగ్గర ఉంది? రేపు ఇది మూతపడితే నకలు ఎక్కడ ఉంది?

తొలినాటి ఇంటర్నెట్‌ను తలుచుకొని బాధపడేవాళ్ళు పోగొట్టుకున్నది ఒక అరుగు. అరుగు మీద చోటు దొరకనివాళ్ళు అరుగు కోసం ఏడవాల్సిన పని లేదు. మనం పోగొట్టుకుంటున్నది మన మాట. అది ఇవాళ, ఇప్పుడు, మన చేతిలో ఉన్న ఫోన్ల నుంచే పోతున్నది. పోకముందే దాన్ని దించిపెట్టుకోవాలి.